జామియాను నిలబెట్టిన డాక్టర్ జాకిర్ హుస్సేన్

ఒక విద్యాసంస్థను ప్రారంభించడం అంత కష్టమైన పనేమీ కాదు. ఉత్సాహం ఉరకలు వేస్తున్న రోజుల్లో నలుగురూ ముందుకొస్తారు. చందాలు పోగవుతాయి. పెద్దలు వచ్చి ప్రారంభోత్సవం చేసి, దుఆ చేసి వెళతారు. అసలు పరీక్ష ఆ తరువాత మొదలవుతుంది. ఉత్సాహం చల్లారి, చందాలు ఆగిపోయి, ఉపాధ్యాయులకు జీతాలివ్వలేని నెల వచ్చినప్పుడు అక్కడ మిగిలేదెవరు? ఈ ప్రశ్నకు తన యవ్వనాన్నే సమాధానంగా ఇచ్చిన ఒక మహనీయుని జీవితాన్ని ఈ నెల పాఠకుల ముందుంచుతున్నాము. ఆయన డాక్టర్ జాకిర్ హుస్సేన్. భారత రాష్ట్రపతిగా ఆయన్ని అందరూ ఎరుగుదురు. కాని ఆయన జీవితంలోని అసలైన ఘట్టం రాష్ట్రపతి భవనంలో కాదు, ఢిల్లీ కరోల్‌బాగ్‌లోని అద్దె ఇళ్ళలో జరిగింది.

హైదరాబాదు బిడ్డ

జాకిర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8వ తేదీన హైదరాబాదులో జన్మించారు. పూర్వీకులు ఉత్తరాదిన ఖాయిమ్‌గంజ్‌కు చెందిన పఠానులు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ గారు హైదరాబాదుకు వచ్చి న్యాయవాదిగా పేరు తెచ్చుకున్నారు. అప్పట్లో గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడిలోని సంస్థానాలు. నాగర్‌కర్నూలు కూడా ఆ రాజ్యంలోనిదే. అంటే ఈ మూడు ప్రాంతాల మన తాతముత్తాతలు, జాకిర్ హుస్సేన్ గారు ఒకే గడ్డ మీద పుట్టినవారన్న మాట.

ఆయనకు పదేళ్ళ వయసులో, 1907లో తండ్రి క్షయవ్యాధితో కన్నుమూశారు. కుటుంబం ఖాయిమ్‌గంజ్‌కు తిరిగి వెళ్ళిపోయింది. పిల్లవాణ్ణి ఇటావాలోని ఇస్లామియా పాఠశాల వసతిగృహంలో చేర్చారు. 1911లో ప్లేగు మహమ్మారి తల్లిని కూడా తీసుకుపోయింది. పద్నాలుగేళ్ళకే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న ఆ అనాథ బాలుడు చదువును వదల్లేదు. ఇటావా నుండి అలీగఢ్‌కు వెళ్ళి, 1875లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ స్థాపించిన కళాశాలలో చేరి పట్టభద్రుడయ్యారు.

డేరాలలో పుట్టిన విశ్వవిద్యాలయం

1920వ సంవత్సరం. దేశమంతటా ఖిలాఫత్ ఉద్యమం, సహాయ నిరాకరణోద్యమం చేయి చేయి కలిపి సాగుతున్నాయి. బ్రిటీషు ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుతో నడిచే కళాశాలలో చదవడం ధర్మమేనా అన్న ప్రశ్న అలీగఢ్ విద్యార్థులను కలచివేసింది. అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్‌కు వచ్చి ప్రభుత్వ సహాయాన్ని వదులుకోవలసిందిగా కోరారు. యాజమాన్యం ఒప్పుకోలేదు. అప్పుడు కొందరు విద్యార్థులు, అధ్యాపకులు కళాశాలను వదిలి బయటికి వచ్చారు. వారిలో ఇరవై మూడేళ్ళ జాకిర్ హుస్సేన్ ఒకరు. అప్పటికాయన ఎం.ఏ. చదువుతూ కొన్ని తరగతులకు పాఠాలు కూడా చెబుతున్నారు. మంచి ఉద్యోగం, నిశ్చింతైన జీవితం ఎదురుగా ఉన్నాయి. వాటిని కాదనుకున్నారు.

1920 అక్టోబరు 29న అలీగఢ్ కళాశాల మస్జిదులోనే కొత్త విశ్వవిద్యాలయానికి పునాది పడింది. దానికి జామియా మిల్లియా ఇస్లామియా అని పేరు పెట్టారు. జాతీయ ఇస్లామీ విశ్వవిద్యాలయం అని దాని అర్థం. మాల్టా చెర నుండి ఆ సంవత్సరమే విడుదలై వచ్చిన మౌలానా మహ్మూదుల్ హసన్ (రహ్మలై) ఆ సభకు అధ్యక్షత వహించారు. తీవ్ర అనారోగ్యం వల్ల ఆయన ప్రసంగాన్ని మరొకరు చదివి వినిపించవలసి వచ్చింది. మరుసటి నెలలోనే ఆయన పరమపదించారు. హకీం అజ్మల్ ఖాన్ కులపతి అయ్యారు. మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ మొదటి ఉపకులపతి అయ్యారు.

నేడు ప్రైవేటు విశ్వవిద్యాలయం అంటే విశాలమైన భవనాలు, లక్షల రూపాయల ఫీజులు గుర్తుకొస్తాయి. ఆనాటి జామియా కూడా ప్రభుత్వ సొమ్ము ఒక్క పైసా ముట్టని ప్రైవేటు సంస్థే. కాని దానికి భవనాలు లేవు. అద్దె ఇళ్ళలో, డేరాలలో పాఠాలు జరిగేవి. దాని పట్టాలను ప్రభుత్వం గుర్తించలేదు. అక్కడ చదివితే సర్కారీ నౌకరీ దొరకదని తెలిసే తల్లిదండ్రులు పిల్లల్ని పంపారు.

దీపం రెపరెపలాడిన వేళ

ఉద్యమాల వేడి ఎంతో కాలం నిలవలేదు. 1922 ఫిబ్రవరిలో సహాయ నిరాకరణోద్యమం ఆగిపోయింది. 1924 మార్చిలో టర్కీలోనే ఖిలాఫత్ రద్దయిపోయింది. జామియా ఖర్చులకు డబ్బు పంపుతున్న ఖిలాఫత్ కమిటీ చేతులెత్తేసింది. విద్యార్థుల సంఖ్య తగ్గింది. సంస్థను మూసివేయడమే మేలన్న మాట పెద్దల నోటనే వినబడసాగింది. హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ, గాంధీజీ మాత్రం అందుకు ఒప్పుకోలేదు. 1925లో జామియాను అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు తరలించారు. హకీం సాహెబ్ తన సొంత డబ్బును ధారపోసి దాన్ని నెట్టుకొచ్చారు.

ఆ సమయంలో జాకిర్ హుస్సేన్ జర్మనీలో ఉన్నారు. 1922లో ఉన్నత విద్య కోసం వెళ్ళి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నారు. గాలిబ్ కవితా సంపుటిని బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో అచ్చు వేయించింది ఆ రోజుల్లోనే. జామియా మూతపడబోతోందన్న కబురు ఆయనకు చేరింది. తోటి విద్యార్థులైన ఆబిద్ హుస్సేన్, ముహమ్మద్ ముజీబ్‌లతో కలిసి ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు. తాము ముగ్గురమూ తమ జీవితాలను జామియాకే అంకితం చేస్తామని, తాము వచ్చేవరకూ దాన్ని మూయవద్దని కబురు పంపారు.

పాఠకులు ఒక్క క్షణం ఆలోచించాలి. ఒకరు ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవారు. ఇద్దరు బెర్లిన్‌లో డాక్టరేటు సాధించినవారు. ఆ రోజుల్లో ఇలాంటి పట్టాలున్నవారికి ఏ సంస్థానంలోనైనా, ఏ కళాశాలలోనైనా పెద్ద కొలువు దొరికేది. వారు మాత్రం 1926లో స్వదేశానికి వచ్చి, మునిగిపోతున్న పడవలోకి ఎక్కారు. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో జాకిర్ హుస్సేన్ జామియాకు ఉపకులపతి అయ్యారు.

ఇరవై ఏళ్ళ ప్రతిజ్ఞ

1927 డిసెంబరులో హకీం అజ్మల్ ఖాన్ హఠాత్తుగా మరణించారు. సంస్థను మోస్తున్న భుజం ఒక్కసారిగా లేకుండా పోయింది. అద్దెలు కట్టాలి, అప్పులు తీర్చాలి, ఉపాధ్యాయుల ఇళ్ళలో పొయ్యి వెలగాలి. ధనవంతులెవరూ ముందుకు రాలేదు.

అప్పుడు జాకిర్ హుస్సేన్, ఆయన సహచరులు తీసుకున్న నిర్ణయమే జామియాను కాపాడింది. 1928లో సంస్థ బాధ్యతను ఉపాధ్యాయులే తమ తలకెత్తుకున్నారు. పదకొండు మంది ఒక సంఘంగా ఏర్పడి ప్రతిజ్ఞ చేశారు. ఇరవై ఏళ్ళ పాటు జామియాను వదలకూడదు, నెలకు నూట యాభై రూపాయలకు మించి జీతం తీసుకోకూడదు అన్నదే ఆ ప్రతిజ్ఞ. నిజానికి ఆ నూట యాభై కూడా మాటవరసకే. చేతికందేది అందులో కొంత భాగమే. అది కూడా నెలల తరబడి ఆలస్యమయ్యేది. ఉపకులపతిగారి ఇల్లు కూడా ఇందుకు మినహాయింపు కాదు.

ఇక్కడ ఆయన భార్య షాజహాన్ బేగం గారిని తలచుకోకపోతే మనం అన్యాయం చేసినవారమవుతాము. చాలీచాలని ఆదాయంలో ఇల్లు నడుపుతూ, పిల్లల్ని పెంచిన ఆ ఇల్లాలి సహనం ఏ ప్రతిజ్ఞాపత్రంలోనూ సంతకమై కనిపించదు. ఉపాధ్యాయుడు త్యాగం చేశాడని మనం అంటాము. ఆ త్యాగపు భారంలో సగం ఎప్పుడూ వంటింట్లోనే ఉంటుంది.

డబ్బు కోసం వారు మరో దారి వెతికారు. ఒక్క ధనవంతుని దగ్గర పెద్ద మొత్తం అడిగే బదులు, వేలాది సామాన్యుల దగ్గర చిన్న చిన్న మొత్తాలు క్రమం తప్పకుండా సేకరించాలనుకున్నారు. హమ్దర్దానె జామియా, అంటే జామియా శ్రేయోభిలాషులు, అన్న పేరుతో ఊరూరా సభ్యుల్ని చేర్చారు. షఫీఖుర్రహ్మాన్ కిద్వాయి ఈ పనికి ప్రాణం పోశారు. పెద్ద దాత చనిపోతే సంస్థ కూలిపోతుంది. వేయిమంది చిన్న దాతలలో పదిమంది తగ్గినా సంస్థ నిలుస్తుంది. హకీం సాహెబ్ మరణం వారికి నేర్పిన పాఠమిది. హైదరాబాదు నిజాం ప్రభుత్వం నుండి కూడా జామియాకు ఆర్థిక సహాయం అందింది.

చిన్న పిల్లలతో మొదలు

విశ్వవిద్యాలయం అనగానే మనం పెద్ద చదువుల గురించే ఆలోచిస్తాము. జాకిర్ హుస్సేన్ మాత్రం ప్రాథమిక పాఠశాల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టారు. పునాది గట్టిగా లేనిదే పై అంతస్తు నిలవదని ఆయన నమ్మకం. బోధన అంతా ఉర్దూలో సాగింది. పిల్లలు బట్టీ పట్టకుండా పని చేస్తూ నేర్చుకునేవారు. వారి చిన్న బ్యాంకును, దుకాణాన్ని వారే నడుపుకునేవారు. ఈ బాలల కోసం పయామె తాలీమ్ పత్రిక వెలువడింది. పెద్దల కోసం రాత్రి బడులు నడిచాయి. మక్తబా జామియా అనే ప్రచురణ సంస్థ చవకైన మంచి పుస్తకాలను ఇంటింటికీ చేర్చింది. పిల్లల కోసం ఉపకులపతిగారే స్వయంగా కథలు రాశారు.

జర్మనీ నుండి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ వచ్చి ఈ పిల్లలకు సేవ చేస్తూ 1943లో ఢిల్లీలోనే కన్నుమూశారు. జామియా ఖబరస్తానులోనే ఆమె సమాధి ఉంది. మంచి పనికి ఎవరు చేయందించినా జామియా కాదనలేదు.

1935 మార్చి 1న యమునా తీరాన ఓఖ్లాలో సొంత భవనానికి శంకుస్థాపన జరిగింది. అంతమంది ప్రముఖులుండగా పునాదిరాయి వేయించింది ఎవరి చేత? బడిలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత! 1938లో ఉపాధ్యాయ శిక్షణా కళాశాల వెలిసింది. అంతకు ముందు 1937లో గాంధీజీ వార్ధాలో విద్యా సదస్సు జరిపి, చేతిపని ద్వారా చదువు చెప్పే పథకాన్ని రూపొందించే సంఘానికి జాకిర్ హుస్సేన్‌నే అధ్యక్షుణ్ణి చేశారు.

మాట నిలబెట్టుకున్నారు

1946 నవంబరులో రజతోత్సవాలు జరిగాయి. దేశం మతకలహాల మంటల్లో కాలుతున్న రోజులవి. అయినా ఒకే వేదిక మీద ఒకవైపు జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్, మరోవైపు ముహమ్మద్ అలీ జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ కూర్చున్నారు. జాకిర్ హుస్సేన్ వారి ముందే నిలబడి, ఈ ద్వేషాగ్నిని ఆర్పమని కన్నీటితో వేడుకున్నారు. మంట ఆరలేదు. 1947లో కరోల్‌బాగ్‌లోని మక్తబా పుస్తకాలు దోపిడీకి, అగ్నికి ఆహుతయ్యాయి. పంజాబు మీదుగా రైలులో వెళుతున్న జాకిర్ హుస్సేన్ కూడా జలంధర్ స్టేషన్‌లో చావు నుండి వెంట్రుకవాసిలో తప్పించుకున్నారు. అయినా జామియా తలుపులు మూసుకోలేదు. దాని ఉపాధ్యాయులు, విద్యార్థులు శరణార్థుల సేవలో మునిగిపోయారు.

1948లో ప్రభుత్వం కోరగా ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ ఉపకులపతిగా వెళ్ళారు. 1928 నుండి లెక్కిస్తే ఇరవై ఏళ్ళు. ప్రతిజ్ఞ పూర్తయింది. జామియాలో ఆయన స్థానాన్ని బెర్లిన్ నాటి మిత్రుడు ముజీబ్ స్వీకరించారు. తరువాత ఆయన బీహారు గవర్నరుగా, 1962లో ఉపరాష్ట్రపతిగా, 1967లో రాష్ట్రపతిగా ఎన్నో పదవులు నిర్వహించారు. 1963లో భారతరత్న పురస్కారం పొందారు. 1969 మే 3న పదవిలో ఉండగానే పరమపదించారు. ఆయన్ని ఖననం చేసింది జామియా ఆవరణలోనే. 1962లో విశ్వవిద్యాలయ హోదా పొందిన జామియా, 1988లో పార్లమెంటు చట్టంతో కేంద్రీయ విశ్వవిద్యాలయమయింది.

మన వంతు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లోని మన పాఠకులు ఈ జీవితం నుండి ఏం తీసుకోవాలి? పాలమూరు నుండి కూలిపనికి వలస వెళ్ళడం ఎన్నో కుటుంబాలకు తెలిసిన బతుకే. కాని చదువుల తలుపులు నాటికన్నా నేడు ఎక్కువ తెరుచుకుని ఉన్నాయి. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. మన పిల్లలు, ముఖ్యంగా మన ఆడపిల్లలు ఆ తలుపుల దాకా చేరాలంటే ఊళ్ళోని చిన్న బడి, మస్జిదు పక్కనున్న మక్తబ్ గట్టిగా ఉండాలి.

అక్కడ పాఠం చెప్పే ఉస్తాదుకు నెల నెలా జీతం అందుతోందా అని మనం ఎన్నడైనా విచారించామా? ప్రారంభోత్సవం నాడు వేయి రూపాయలిచ్చి మరచిపోవడం కన్నా, నెలకు యాభై రూపాయలు పదేళ్ళ పాటు ఇవ్వడం గొప్ప సేవ. అంతకన్నా గొప్పది, చదువుకున్న మన యువకుల్లో ఒక్కరైనా కొన్నేళ్ళు ఆ బడిని వదలకుండా ఉంటానని మాట ఇచ్చి నిలబెట్టుకోవడం. ఇంట్లో రేపు కూర్చుని ఈ విషయం మాట్లాడుకోండి. మీ వీధిలోని బడికి ఏం తక్కువయిందో అడిగి తెలుసుకోండి.

అల్లాహ్ ఆ మహనీయుని సేవలను స్వీకరించుగాక! మొదలుపెట్టిన మంచిపనిని చివరిదాకా మోసే ఓర్పును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.