జార్జి పిక్

గణితశాస్త్రమున ఒక చిన్న సూత్రముచే శాశ్వతకీర్తి నార్జించిన పండితుడు జార్జి పిక్. ఆయన 1859వ సంవత్సరమున వియన్నా నగరమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. పదునొకండవ యేటివరకు తండ్రియే ఆయనకు ఇంటివద్ద విద్య గరపెను. పదునారేండ్ల ప్రాయమున విశ్వవిద్యాలయమున చేరి, మరుసటి యేడే ఆయన తొలి గణితవ్యాసమును ప్రకటించెను. 1880లో డాక్టరు పట్టమునొంది, పిదప ప్రేగ్ నగరమందలి జర్మను విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను.

1899లో ఆయన ప్రకటించిన సూత్రము మిక్కిలి సులభమైనది. గళ్ల కాగితముపై గీతలు కలియు చోటులనెల్ల ముగ్గులోవలె చుక్కలు పెట్టి, మూడు చుక్కలను కలిపి త్రిభుజము గీయుదము. దాని లోపల ఎన్ని చుక్కలుండును? త్రిభుజము పెద్దదైనచో ఒక్కొక్కటిగా లెక్కించుట కష్టము. త్రిభుజ వైశాల్యమునుండి, అంచులపైనున్న చుక్కలలో సగము తీసివేసి, ఒకటి కలిపిన చాలునని పిక్ నిరూపించెను. భూమి 6 గళ్లు, ఎత్తు 4 గళ్లు గల లంబకోణ త్రిభుజమును తీసికొందము. వైశాల్యము 12, అంచులపైని చుక్కలును 12. పండ్రెండునుండి ఆరు తీసి, ఒకటి కలుపగా 7 వచ్చును. లోపలి చుక్కలను లెక్కించి చూచినను ఏడే యుండును. శీర్షములన్నియు చుక్కలపై నుండి, భుజములు ఒండొంటిని ఖండింపని ఏ బహుభుజికైనను ఈ నియమము వర్తించును.

1911లో ఐన్‌స్టీన్ ప్రేగ్ విశ్వవిద్యాలయమునకు ఆచార్యుడుగా వచ్చెను. ఆయనను ఎన్నుకొనిన సంఘమున పిక్ సభ్యుడు. గణితమును సంగీతమును వారిరువురను మిత్రులను గావించెను.

1927లో ఉద్యోగ విరమణ చేసి పిక్ వియన్నాకు మరలెను. 1938లో హిట్లరు సేనలు ఆస్ట్రియాను ఆక్రమించుటచే, ఆ వృద్ధుడు తిరిగి ప్రేగ్ నగరమును ఆశ్రయించెను. మరుసటి యేడు ఆ నగరమును వారి వశమయ్యెను. యూదుడగుటయే ఆయన నేరమయ్యెను. 1942 జూలై 13వ తేదీన ఆయనను థెరీసియన్‌స్టాట్ నిర్బంధ శిబిరమునకు తరలించిరి. అచ్చట పదుమూడు దినములకే, ఎనుబది రెండేండ్ల వయస్సున, ఆయన కన్నుమూసెను.

ఆయన జీవితకాలమున ఆ సూత్రమును గుర్తించినవారు కొలదిమందియే. పోలండు గణితవేత్త స్టైన్‌హాస్ దానిని తన గ్రంథమున చేర్చిన పిదప అది లోకప్రసిద్ధమయ్యెను. నేడు లక్షలాది చుక్కలున్న త్రిభుజమునైనను కంప్యూటరు ఈ సూత్రముచే క్షణములో లెక్కించును. పిక్‌ను బంధించినవారు ఆయన నియమమును మాత్రము బంధింపజాలకపోయిరి.