లాభకాలంలో నిగ్రహం: ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ జీవితం

నష్టకాలంలో ధైర్యం చెప్పేవారు చాలామంది ఉంటారు. లాభాలు వెల్లువెత్తే వేళ మనస్సుకు కళ్ళెం వేయమని హెచ్చరించేవారు అరుదు. ఆ హెచ్చరిక ఎంత అవసరమో బొంబాయి వర్తకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ జీవితం తేటతెల్లం చేస్తుంది.

ప్రేమ్‌చంద్ 1831లో సూరత్‌లో ఒక జైన వణిక్కుటుంబంలో జన్మించాడు. బాల్యంలోనే బొంబాయి చేరి, ఇంగ్లీషు నేర్చి, యౌవనారంభంలోనే వాటాల దళారీ వృత్తిలో ప్రవేశించాడు. బేరాలన్నింటినీ కాగితం మీద పెట్టక జ్ఞాపకంలోనే నిలుపుకొనేవాడని ప్రతీతి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం చెలరేగింది. దక్షిణ రాష్ట్రాల రేవులు దిగ్బంధం కాగా లాంకషైర్ మిల్లులకు పత్తి కరవైంది. భారతదేశపు పత్తికి ఎన్నడూ లేని గిరాకీ ఏర్పడింది. మన బళ్ళారి, కర్నూలు సీమల నల్లరేగడి పంటకు సైతం ధర పెరిగింది. బొంబాయిలో ధనం వరదలై పారింది. ఆ ధనం కొత్త బ్యాంకులుగా, కంపెనీలుగా రూపెత్తింది. సముద్రాన్ని పూడ్చి భూమి చేయదలచిన బ్యాక్‌బే కంపెనీ వాటా, 5,000 రూపాయలు చెల్లించినది, అనేక రెట్లు పలికింది. ఈ సంరంభానికంతటికీ ప్రేమ్‌చంద్ నాయకుడయ్యాడు. ఆయన పేరు వినబడితే చాలు, జనం వాటాల కోసం ఎగబడేవారు. చేతిలో రొక్కం లేనివారు సైతం వాయిదా బేరాలు కుదుర్చుకొన్నారు. బాంబే బ్యాంకు ఆ వాటాలనే తాకట్టుగా స్వీకరించి అప్పులిచ్చింది.

1865 ఏప్రిల్‌లో యుద్ధం ముగిసింది. పత్తి ధర కూలింది. జూలై 1న తీర్చవలసిన వాయిదాలు తీరలేదు. ఎందరో దివాలా తీశారు. బాంబే బ్యాంకు సైతం మూతపడగా 1868లో విచారణ సంఘం ఆ వ్యవహారాన్ని శోధించింది. బ్యాంకు అప్పుల విషయంలో ప్రేమ్‌చంద్ పలుకుబడి చేసిన కీడును దాచిపెట్టడం న్యాయం కాదు. యుద్ధమన్నది ఏనాటికైనా ముగిసేదేనని ఆయన వంటి మేధావికి తెలియదా? తెలుసు. తెలిసినదానిని ఆచరణకు రానీయక అడ్డుపడింది ఆశ. నలుగురూ గడిస్తుండగా తానొక్కడు ఆగడం మనిషికి దుస్సహం.

పతనానంతరం ఆయన పారిపోలేదు. ఆస్తిని ఋణదాతల పరం చేసి, మళ్ళీ పత్తి వ్యాపారంలో నిలదొక్కుకొని, 1906లో కన్నుమూశాడు.

ఐశ్వర్యదశలో ఆయన బొంబాయి విశ్వవిద్యాలయానికి ఇచ్చిన విరాళంతో లేచిన గడియార స్తంభం 1878లో పూర్తయింది. దానికి తల్లి రాజాబాయి పేరు పెట్టారు. చూపులేని ఆ తల్లి సూర్యాస్తమయానికి ముందే భోజనం ముగించే నియమం కలదనీ, గంట విని వేళ తెలుసుకొనేదనీ చెబుతారు. విస్తరి ముందున్నా వేళ మించితే చేయి కడుక్కొనడం ఆమె నియమం. కొడుకు బజారులో అలవరచుకొనలేకపోయినది ఆ నియమాన్నే!

విద్యార్థులారా! చిత్తూరు మండీలో బెల్లం ధర పెరిగినకొద్దీ ఇంకా పెరుగుతుందని సరుకు నిలువచేసి నష్టపోవడం మన ఐరాల రైతు కుటుంబాలకు తెలియనిది కాదు. నేడు వాటాల బజారు అరచేతిలోని ఫోనులోకి వచ్చింది. వాయిదా బేరం ఒక వేలి తాకిడితో ముగుస్తుంది. బేరంలోకి దిగకముందే, మనస్సు నిర్మలంగా ఉన్నప్పుడే, ఎంత లాభంతో తృప్తిపడాలో, ఎంత నష్టంతో విరమించాలో నిర్ణయించి వ్రాసుకోండి. అప్పు తెచ్చిన సొమ్ముతో జోలికి పోకండి. గంట మ్రోగినప్పుడు లేవగలిగినవాడే వర్తకంలో స్వతంత్రుడు.