కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో ఒక మహనీయుని చరిత్ర ముండుట ఆచారము. మన మీర్‌పేట్ గ్రంథాలయ సంచికకు తగిన చరిత్ర మెవరిదని విచారించినచో, దానికై దూరదేశములకు పోవలసిన పని లేదు. ఇచటికి కొలది కోసుల దూరమున, హైదరాబాదు సుల్తాన్ బజారులో, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ మున్నది. తెలంగాణమున తెలుగు గ్రంథాలయోద్యమము దానితోనే ఆరంభమైనది. ఆ నిలయమును నెలకొల్పినవారిలో ముఖ్యులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు. తాము చదివిన దానిని తమ యింట దాచుకొనక, ముఖమైన నెరుగని పాఠకుల కందునట్లు చేయుటయే వారి జీవితకార్యము. కావున పుస్తకము చేతబట్టి ఈ గ్రంథాలయమునుండి యింటికి పోవు ప్రతివారును వారి చరిత్రము నెరిగి యుండవలెను.

లక్ష్మణరావుగారు 1877వ సంవత్సరము మే 18వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ ప్రాంతమునందలి పెనుగంచిప్రోలులో జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. మూడేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. సవతియన్న శంకరరావుగారి పోషణలో భువనగిరియందు అక్షరాభ్యాసము సాగినది. ఆ పిమ్మట అక్క అచ్చమాంబగారు తమ్ముని తనతో మధ్యపరగణాలకు తీసికొనిపోయిరి. ఆమె భర్త భండారు మాధవరావుగారు ఆ ప్రాంతమున ఇంజనీరుగా నుండిరి. లక్ష్మణరావుగారి పైచదువు నాగపురమున జరిగినది.

ఈ యక్కాతమ్ముల వృత్తాంత మొకింత తెలిసికొనదగినది. అచ్చమాంబగారు బడికి పోయి చదివినవారు కారు. ఆ కాలమున ఆడుపిల్లకు బడి యెక్కడిది? తమ్ముడు పాఠములు వల్లించుచుండగా ప్రక్కన కూర్చుండి ఆమె తెలుగును, హిందీని నేర్చిరి. పిదప ఇతర భాషలను గూడ స్వయంకృషిచే సాధించిరి. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల యను పేర స్త్రీల చరిత్రములను ప్రకటించిరి. 1905లో, ముప్పదేండ్ల ప్రాయముననే, దివంగతులైరి. ఒకరి చేతిలోని పుస్తకము ప్రక్కనున్నవారి కందినచో ఎట్టి ఫలము కలుగునో లక్ష్మణరావుగారు బాల్యముననే తమ యింటనే చూచిరి. వారు పిమ్మట చేసిన పనుల కెల్ల ఇదియే బీజమని నా తలంపు.

నాగపురమున వారు మహారాష్ట్ర భాషయందు నిష్ణాతులై, ఆ భాషలో వ్యాసములు వ్రాసి పండితుల మెప్పు గాంచిరి. చరిత్రము, శాస్త్రము మున్నగు విషయములపై మహారాష్ట్రులకు వారి భాషలోనే గ్రంథములుండుటయు, తెలుగువారికి అట్టివి కొరవడుటయు వారి మనస్సును కలచినవి. 1900లో బి.ఏ. పట్టము నంది, మునగాల రాజావారగు నాయని వేంకట రంగారావు బహద్దరుగారి సంస్థానమున ఉద్యోగమున ప్రవేశించి దివానైరి. 1902లో ఎం.ఏ. పట్టమును గూడ సంపాదించిరి. మునగాల పరగణా ఆంగ్లేయ ప్రభుత్వము క్రిందిదైనను, దాని చుట్టును నిజాము రాజ్యమే. కావున ఇచటి తెలుగువారి స్థితి వారికి కన్నులయెదుటనే యుండెను.

ఆ స్థితి యెట్టిది? రాజ్యమున తెలుగు మాటలాడువారు లక్షలకు లక్షలు. కాని కచేరీలలో, న్యాయస్థానములలో, ఉన్నత పాఠశాలలలో ఉర్దూకే స్థానము. తెలుగు చదివినవానికి కొలువు లేదు. తాళపత్ర గ్రంథములు, అచ్చుపుస్తకములు పండితుల యిండ్లలో ఎఱ్ఱగుడ్డ మూటలలో నుండెడివి. పూజాదినమున పసుపు కుంకుమలు పడుటయే గాని అన్యుల చేతి కవి పోవుట అరుదు. అట్టి మూటలోని పుస్తకమును చెదలు తినిపోయిన పిమ్మట, అందేమి యుండెనో చెప్పగలవా డొకడైన మిగులడు.

అట్టి కాలమున 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన, హైదరాబాదునందు రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమయ్యెను. రంగారావుగారు తమ గృహము నిచ్చిరి. మునగాల రాజావారు అండగా నిలిచిరి. ఆదిపూడి సోమనాథరావుగారు, మైలవరపు నరసింహశాస్త్రిగారు తోడ్పడిరి. వీరందరికిని ఆలోచన యిచ్చి ముందు నడచినవారు లక్ష్మణరావుగారు. అప్పటికి వారి వయస్సు ఇరువదినాలుగేండ్లు మాత్రమే. ఒక గృహస్థు తన యింటి తలుపు తెరచి, పేరెరుగని బాటసారి వచ్చి కూర్చుండి చదువుకొనుట కంగీకరించుట సామాన్య విషయము కాదు. వచ్చినవాడు పుస్తకమును మరల నిచ్చునో లేదో తెలియదు. చదివి యేమగునో అదియు తెలియదు. ఈ రెండు సందేహములను దాటి నమ్మకముతో పుస్తకమును ఎదుట నుంచుటయే గ్రంథాలయమునకు మొదటి యిటుక. నగరమున వెలసిన ఈ నిలయమును చూచి 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును, 1905లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయమును వెలసినవి.

అయితే తలుపు తెరచినంత మాత్రమున చాలునా? బీరువాలో నుంచుటకు తగిన పుస్తకము లేవి? కావ్యములు, పురాణములు కలవు. వానికి లోటు లేదు. కాని భూమి యెట్లు తిరుగునో, రోగ మెట్లు వచ్చునో, ఇతర దేశముల వారెట్లు స్వతంత్రులైరో తెలుగున చెప్పు పుస్తకములు బహు స్వల్పము. ఈ లోపమును తీర్చుటకే 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి ఏర్పడెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు, రావిచెట్టు రంగారావుగారు అందు సహకారులు. చందాదారులను చేర్చుకొని, వారికి తక్కువ వెలకు పుస్తకముల నందించుట మండలి పద్ధతి. 1908లో మండలి చెన్నపురికి మారినది. లక్ష్మణరావుగారి శివాజీ చరిత్రము, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము మండలి ద్వారా లోకమునకు వచ్చిన గ్రంథములలోనివే. వీనితోపాటు శాస్త్రగ్రంథములును వెలువడినవి.

మండలి ప్రథమ గ్రంథము గాడిచర్లవారు రచించిన అబ్రహాం లింకన్ చరిత్రము. ఆ యెన్నిక యెంతయు తగియున్నది. లింకన్ బీద రైతుబిడ్డ. పొరుగువారి యొద్ద పుస్తకములు ఎరవు తెచ్చుకొని చదివినవాడు. అట్లు తెచ్చిన పుస్తక మొకటి వానకు తడిసి చెడిపోగా, పుస్తకపు యజమాని పొలమున మూడు దినములు కూలిపని చేసి దాని వెల తీర్చినట్లు ఆతని చరిత్రకారులు చెప్పుదురు. ఆ పొరుగువాడు పుస్తక మిచ్చునపుడు, తీసికొనిపోవు బాలుడు దేశాధ్యక్షుడు కాగలడని యెరుగునా? ఎరుగకయే యిచ్చెను. ఆ చరిత్రము వ్రాసిన గాడిచర్లవారు పిమ్మట ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు పెద్దదిక్కైరి.

లక్ష్మణరావుగారి ఆశ అంతటితో తీరలేదు. సమస్త విద్యల సారమును అకారాదిక్రమమున కూర్చి, ఒక పుస్తకపు వరుసగా తెలుగువాని యింట నుంచవలెనని వారు సంకల్పించిరి. అదియే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు మున్నగు విద్వాంసులు ఆ పనిలో తోడ్పడిరి. మూడు సంపుటములు వెలువడినవి. ఆ మూటియందును నడచినది అకారము మాత్రమే. పరిశోధన కొరకు 1922లో ఆంధ్రచరిత్ర పరిశోధక మండలిని గూడ నెలకొల్పిరి. అధిక శ్రమచే ఆరోగ్యము చెడెను. 1919లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఏ గృహమున తుదిశ్వాస విడిచిరో, చెన్నపురిలోని ఆ వేదవిలాసముననే 1923 జూలైలో లక్ష్మణరావుగారును కన్నుమూసిరి. అప్పటికి వారికి నలువదియారేండ్లు. అకారముననే ఆగిపోయిన ఆ మహాగ్రంథమును చూచి ఆనాటివారు కంట తడిపెట్టిరనుటలో వింత లేదు. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ కృషిని మరల చేపట్టిరి.

మరి వారి జన్మము అసంపూర్ణ మనవలెనా? జరిగిన దానిని చూడుడు. 1921 నవంబరులో హైదరాబాదున సంఘసంస్కార సభయందు ఒక న్యాయవాది తెలుగున ప్రసంగింప లేచినపుడు సభికులు హేళన చేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఊరూర గ్రంథాలయములను నెలకొల్పుట దాని ముఖ్యాశయములలో నొకటి. అప్పటికి ఇరువదియేండ్లుగా తెలుగు పుస్తకములు చదువుకొనుట కొక చోటుండుటచేతనే, నొచ్చుకొని పని కుపక్రమించుట కొక తరమువా రుండిరి. 1935లో గుంటూరు జిల్లా పెదవడ్లపూడియందు పాతూరి నాగభూషణముగారు కాలువ పడవలలో పుస్తకముల పెట్టెలనుంచి, ప్రయాణికులు చదువుకొను ఏర్పాటు గావించిరి. 2001లో అమెరికా దేశమున కొందరు, తాము చదివిన పుస్తకమును తోటలోని బల్లపైననో రైలుపెట్టెలోనో విడిచి, అపరిచితుల కందజేయు పద్ధతిని ఆరంభించిరి. దానిని లోకము క్రొత్త వింతగా చూచెను. సరిగా నూరేండ్లకు పూర్వము మన హైదరాబాదున తలుపు తెరచినవారి భావమును అదియే కదా!

లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నాకు ఒక సంగతి తోచుచున్నది. ధాన్యము గాని ధనము గాని చేయి దాటినచో ఖర్చు పద్దున పడును. పుస్తక మొక్కటియే చేయి దాటిన పిమ్మట జమకు వచ్చును. దాచినది చెదలకు ఖర్చు. కాని ఈ జమకును ఒక నియమము కలదు. తీసికొన్నవాడు మరల తెచ్చి ఉంచవలెను. ఒకరు తిరిగి యీయని పుస్తకము, తరువాత రానున్న పదిమందికి మూసిన తలుపు. ఆ పదిమందిలో ఒక అచ్చమాంబ యుండవచ్చును.

ఈ రజతోత్సవ సమయమున చదువరులకు నా విన్నపము స్వల్పము. మీ యింటి అటకపై మూటలో నున్న పుస్తకము నొక్కదానిని దుమ్ము దులిపి చదువుడు. చదివిన పిమ్మట తెచ్చి గ్రంథాలయపు బల్లపై నుంచుడు. దాని నెవరు తీసికొనిపోవుదురో విచారింపకుడు. లక్ష్మణరావు పంతులుగారు అకారమువరకు వ్రాసి విడిచిరి. తక్కిన యక్షరములు మన చేతులలో నున్నవి.