జి.డి. నాయుడు: బస్సు డ్రైవరు పెట్టిన ఇంజనీరింగ్ కాలేజీ

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితం ఒకటి వేయడం ఆనవాయితీ. అంబేడ్కర్, ఫూలే, దామోదరం సంజీవయ్యల గురించి ఎంత చదివినా మనకు తనివి తీరదు. అయితే ఈసారి పూర్వ విద్యార్థులం కొందరం కూర్చుని మాట్లాడుకుంటున్నప్పుడు, చేతులకు గ్రీజు అంటిన మనిషి గురించి ఎందుకు రాయకూడదు అనిపించింది. 2017లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరింది, 2019లో కార్లు బయటికి వచ్చాయి. అప్పటి నుంచి రొద్దంలో ఏ అరుగు మీద చూసినా ఒకటే చర్చ. ఐటీఐ మేలా, డిప్లొమా మేలా, బి.టెక్. మేలా? పని వచ్చినోడు గొప్పా, సర్టిఫికెట్టు ఉన్నోడు గొప్పా? సెలవులకు వచ్చినప్పుడు మన తమ్ముళ్లు మమ్మల్ని అడిగేదీ ఇదే. ఇదే చర్చను ఎనభై ఏళ్ల కిందట ఒక తెలుగాయన బ్రిటిష్ ప్రభుత్వంతో పెట్టుకున్నాడు. ఓడిపోయాడు కూడా. ఆయనే జి.డి. నాయుడు.

ఆయనది మన ప్రాంతం కాదు. తమిళనాడులోని కోయంబత్తూరు. మన పెనుకొండ విజయనగర రాజులకు రాజధానిగా ఉన్న రోజులకు అటూ ఇటూగా, ఎందరో తెలుగు రైతులు దక్షిణాదికి వలస పోయి అక్కడి నల్లరేగడి నేలల్లో స్థిరపడ్డారు. బయట తమిళం, ఇంట్లో తెలుగు. అలాంటి ఒక రైతు కుటుంబంలో 1893 మార్చి 23న, కోయంబత్తూరుకు దగ్గరలోని కలంగల్ అనే ఊళ్లో గోపాలస్వామి దొరస్వామి నాయుడు పుట్టాడు. పసితనంలోనే తల్లి పోయింది. చదువు మీద మనసు నిలవలేదు, బడి చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక మోటారు సైకిలు. ఊరి వైపు వచ్చిన ఒక తెల్లదొర రడ్జ్ కంపెనీ మోటారు సైకిలు ఎక్కి వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, బండి మాత్రం పోతోంది. ఆ వింత చూశాక కుర్రవాడికి ఇక సేద్యం మీద ధ్యాస లేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరాడు. టిఫిన్లు అందిస్తూ, బల్లలు తుడుస్తూ, మూడేళ్ల పాటు పైసా పైసా కూడబెట్టి, సుమారు మూడు వందల రూపాయలతో ఆ బండినే కొన్నాడు. కొన్నాక ఊరేగలేదు. నట్టు నట్టూ విప్పి కింద పరిచాడు. మళ్లీ బిగించాడు. మళ్లీ విప్పాడు. ఆయన ఇంజనీరింగ్ చదువు ఇదే. ఈ చదువుకు హాల్ టికెట్టు లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఇలాంటి కథలు వినగానే చదువు మానేసినా ఫరవాలేదు, తెలివుంటే చాలు అనుకునే తమ్ముళ్లు ఉంటారు. నాయుడుగారు బడి మానేసినప్పుడు వెనుక తండ్రి పొలం ఉంది. తరవాత పత్తి వ్యాపారంలోకి దిగి, బొంబాయి దాకా వెళ్లి సంపాదించిందంతా పోగొట్టుకుని తిరిగొచ్చినప్పుడు, నమ్మి అప్పు ఇచ్చేవాళ్లు ఉన్నారు. మనలో చాలామందికి వెనుక ఉన్నది ఈ హాస్టల్ ఒక్కటే. ఇది గుర్తు పెట్టుకుని మిగతా కథ చదవాలి.

అప్పు ఇచ్చినాయన స్టేన్స్ దొర. కోయంబత్తూరులో మిల్లులూ వ్యాపారాలూ ఉన్న ఇంగ్లీషాయన. ఆ అప్పుకు తన డబ్బు కలిపి 1920లో నాయుడు ఒక బస్సు కొన్నాడు. పొల్లాచ్చి నుంచి పళనికి తానే నడిపాడు. యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే. చెడిపోతే కిందికి దూరేదీ ఆయనే. అలా మొదలైనదే యూనివర్సల్ మోటార్ సర్వీస్. జనం నోట యు.ఎం.ఎస్. 1930ల నాటికి ఆ ఒక్క బస్సు రెండు వందలు దాటిన బస్సుల దండు అయింది. వేళకు రావడం, వేళకు పోవడం అనేది బస్సుల విషయంలో జనం ఎరగని రోజుల్లో యు.ఎం.ఎస్. దేశంలోనే మంచి సర్వీసని పేరు తెచ్చుకుంది.

అందరూ బస్సుల లెక్క చెబుతారు. మాకు ఆసక్తి కలిగించింది మనుషుల లెక్క. రెండు వందల బస్సులు తిరగాలంటే ఎందరు డ్రైవర్లు, ఎందరు క్లీనర్లు, ఎందరు ఫిట్టర్లు, ఎందరు లేతు మీద పని చేసేవాళ్లు కావాలి? ఆ రోజుల్లో మోటారు పని నేర్పే బడి అంటూ చుట్టుపక్కల లేదు. స్పేర్ పార్టు కావాలంటే ఓడలో రావాలి. బండి నిలిచిపోతే రూటు పోతుంది, రూటు పోతే పేరు పోతుంది. కాబట్టి పనివాళ్లను వెతకడం కాదు, షెడ్డులోనే తయారు చేసుకోవాల్సి వచ్చింది. ధర్మవరంలో మగ్గం గుంటలో తండ్రి పక్కన కూర్చుని పిల్లవాడు పట్టు నేత నేర్చుకున్నట్టు, యు.ఎం.ఎస్. షెడ్లలో కుర్రాళ్లు ఇంజను పని నేర్చుకున్నారు. పాత బండ్లే పాఠ్యపుస్తకాలు. సాంకేతిక నిపుణుడంటే ఎవరు, అతడు తయారు కావడానికి ఎన్నాళ్లు పడుతుంది అన్న విషయంలో నాయుడుగారి నమ్మకాలు అక్కడే గట్టిపడి ఉంటాయని మా అభిప్రాయం.

షెడ్డులోంచి కార్ఖానా పుట్టింది. 1937లో పీలమేడులోని ఆయన కార్ఖానాలో డి. బాలసుందరం నాయుడుతో కలిసి తయారు చేసిన ఎలక్ట్రిక్ మోటారు, మన దేశంలో తయారైన మొట్టమొదటిదిగా పేరు పొందింది. ఈ రోజు మన బోరుబావుల దగ్గర కోయంబత్తూరు పంపుసెట్లు కనిపిస్తున్నాయంటే ఆ దారి అక్కడ మొదలైంది. బాలసుందరం తరవాత సొంతంగా టెక్స్‌టూల్ కంపెనీ పెట్టి మిల్లులకు యంత్రాలు తయారు చేశాడు. మంచి పనివాడు యజమాని చెయ్యి దాటి పోతే యజమానికి నష్టమే. కానీ ఊరికి ఇంకో కార్ఖానా వచ్చింది. కోయంబత్తూరు అలా పెరిగింది, ఒక షెడ్డులోంచి ఇంకో షెడ్డు.

ఆయన తయారు చేసిన వస్తువుల జాబితా చాలా పెద్దది. రసాంట్ అనే ఎలక్ట్రిక్ రేజరు, పలచటి షేవింగ్ బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, మోసం చేయడానికి వీల్లేని ఓటింగ్ యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను. డెబ్బై రూపాయలకే అయిదు వాల్వుల రేడియో ఇవ్వగలనని 1941లో ప్రకటించాడు. ఫోటోల పిచ్చి కూడా ఉండేది. 1936లో లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంత్యక్రియలను తన కెమెరాతో తీశాడు. ఆ ఏడాదే ఇక్కడ రాష్ట్ర ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. ఇవన్నీ వివరంగా రాస్తే సంచిక చాలదు. మనం కాలేజీ దగ్గరికి వద్దాం.

1944లో ఆయన మోటారు వ్యాపారం రోజువారీ పనుల నుంచి తప్పుకున్నాడు. పరిశోధనలకు స్కాలర్‌షిప్పులు, తన ఉద్యోగులకూ అణగారిన వర్గాలకూ సంక్షేమ పథకాలు ప్రకటించాడు. మరుసటి ఏడు, 1945లో, కోయంబత్తూరులో పాలిటెక్నిక్కు, ఇంజనీరింగ్ కాలేజీ ఆయన చొరవతో మొదలయ్యాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. ప్రిన్సిపాలు ఎవరనుకుంటున్నారు? నాయుడుగారే. బడి చదువు పూర్తి చేయని మనిషి ఇంజనీరింగ్ కాలేజీ ప్రిన్సిపాలు!

తగువు వెంటనే వచ్చింది. ప్రభుత్వం లెక్క ప్రకారం ఇంజనీరింగ్ కోర్సు నాలుగేళ్లు. నాలుగేళ్లు దండగ, రెండేళ్లు చాలు అన్నది నాయుడుగారి వాదం. మిగతా రెండేళ్లలో కుర్రాడు పనిలో ఉంటే దేశానికి లాభం, ఇంటికి లాభం. అంతేకాదు, రకరకాల ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు కూడా వచ్చి చదువుకునేలా రోజుకు ఎక్కువ విడతలుగా క్లాసులు నడపాలని ప్రతిపాదించాడు. అంటే పగలు షెడ్డులో పని చేసే ఫిట్టరు కూడా ఇంజనీరు కావచ్చునన్న మాట. ప్రభుత్వం ఒప్పుకోలేదు. నాయుడు రాజీనామా చేసి బయటికి వచ్చేశాడు.

ఇందులో ఎవరిది న్యాయం? మేము చాలాసేపు వాదించుకున్నాం. మాలో ఐటీఐ చేసినవాళ్లు నాయుడుగారి పక్షం. ఫిట్టరు ట్రేడు ఇవాళ్టికీ రెండేళ్లే, ఆ రెండేళ్లతోనే మిషన్ దగ్గర నిలబడుతున్నాం అన్నారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఒప్పుకోలేదు. మిషన్ నడపడం వేరు, మిషన్ గీయడం వేరు, లెక్కలు రాకుండా బ్రిడ్జి కడితే ఎవరు ఎక్కుతారు అన్నారు. చివరికి మా అందరికీ తోచింది ఏమంటే, క్లాసుల విడతల విషయంలో నాయుడుగారు ముమ్మాటికీ సరైనవాడు. పని చేసుకునేవాడికి చదువు తలుపు తెరవాలన్న ఆలోచన ఆనాడే ఆయనకు వచ్చింది. ఏళ్ల లెక్క విషయంలో మాత్రం ఆయన తన కొలతతోనే అందరినీ కొలిచాడు. సర్టిఫికెట్టు లేకపోయినా ఆయన మాట చెల్లింది, ఎందుకంటే కంపెనీ ఆయనదే. మన పిల్లవాడు ఇంటర్వ్యూకు వెళితే అతడి తరఫున మాట్లాడేది ఆ కాగితం ఒక్కటే. ఇంటి పేరు చూసి, ఊరు చూసి, హాస్టల్ పేరు చూసి అంచనా వేసే చోట ఆ కాగితానికి విలువ ఉంది.

ఇంకో సంగతి. రాజీనామా చేయకుండా లోపలే ఉండి పోరాడి ఉంటే ఆ విడతల క్లాసులైనా సాధించేవాడేమో. తన మాట నెగ్గని చోట ఉండలేని స్వభావం ఆయనది. సొంత షెడ్డు నడిపే మనిషికి అది బలం. పదిమందితో కలిసి నడపాల్సిన కాలేజీకి అది సరిపడలేదు.

నాయకుడికీ నిపుణులకూ మధ్య ఈ గొడవ ప్రపంచంలో మోటారు ఉన్న ప్రతిచోటా ఉంది. కారు పందేలు చూసే తమ్ముళ్లకు ఫెరారీ ఎర్రకార్లు తెలుసు. ఇటలీలో ఆ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ కూడా పెద్దగా చదువుకోలేదు, ఆయనా తన మాటే నెగ్గాలనే మనిషి. 1961లో ఫెరారీ జట్టు ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ సీజన్ ముగిశాక చీఫ్ ఇంజనీరు కార్లో కీటి, మేనేజరు రోమోలో తవోనీలతో పాటు ముఖ్యమైనవాళ్లు ఎనిమిది మంది ఒకేసారి బయటికి వెళ్లిపోయారు. కంపెనీ వ్యవహారాల్లో యజమాని భార్య జోక్యం పెరిగిందన్న గొడవ దానికి కారణమంటారు. నాయుడు తానే బయటికి వచ్చాడు, ఫెరారీని వదిలి నిపుణులు వెళ్లారు. తేడా అంతే. అప్పుడు ఎంజో చేసిన పని చూడండి. చేరి ఎంతో కాలం కాని, ఇరవై ఆరేళ్ల మావ్రో ఫోర్గియేరీ అనే ఇంజనీరుకు సాంకేతిక బాధ్యతంతా అప్పగించాడు. 1962లో ఛాంపియన్‌షిప్పు పందేల్లో ఒక్కటీ గెలవలేదు. అయినా అతడిని తీసేయలేదు. 1964లో మళ్లీ ప్రపంచ ఛాంపియన్లయ్యారు. వెళ్లిపోయినవాళ్లు పెట్టిన కొత్త జట్టు ఎక్కువ కాలం నిలవలేదు. ఆ కుర్రాడికి యూనివర్సిటీ డిగ్రీ ఉంది. డిగ్రీతో పాటు, ఓడిపోయిన ఏడాది కూడా నమ్మి ఉంచిన యజమాని ఉన్నాడు. రెండూ కావాల్సి వచ్చాయి.

కోయంబత్తూరుకు కూడా కారు పందేల పేరు వచ్చింది. లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన కరివర్ధన్, మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చులో పందెం కారు తయారు చేసి కుర్రాళ్ల చేతికి ఇచ్చాడు. 1995లో విమాన ప్రమాదంలో ఆయన పోయాక, ఊరి బయటి రేసు ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు నరేన్ కార్తికేయన్‌ది కోయంబత్తూరే. షెడ్లు ఉన్న ఊళ్లోనే డ్రైవర్లూ పుడతారు.

కాలేజీ వదిలినా నాయుడు ఊరుకోలేదు. 1952లో రెండు సీట్ల చిన్న పెట్రోలు కారు తయారు చేశాడు, ధర రెండు వేల రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. సామాన్యుడికి చవక కారు అన్న మాట మళ్లీ దేశంలో గట్టిగా వినిపించడానికి ముప్పై ఏళ్లు పట్టింది, 1983లో మారుతి వచ్చేదాకా. ఆయన మాత్రం పొలంలోకి దిగి పత్తి, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలు చేసుకుంటూ గడిపాడు. 1974 జనవరి 4న కన్నుమూశాడు.

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో ఆయన మ్యూజియం ఉంది. హిందూపురంలో రైలెక్కి బెంగళూరులో మారితే పోయి రావచ్చు. ఆ రోడ్డు మీదే పది కిలోమీటర్ల పొడవున కట్టిన ఫ్లైఓవరుకు 2025 అక్టోబరులో ఆయన పేరు పెట్టారు. ఆయన వదిలి వచ్చిన కాలేజీ తరవాత వేరే చోటికి మారి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది. దానిలో ఇంజనీరింగ్ ఇప్పటికీ నాలుగేళ్లే. పాత చోట మాత్రం బస్సు స్టాపు మిగిలింది. కాలేజీ పోయినా కండక్టర్లు ఇంకా ఆ స్టాపును హోప్ కాలేజీ అనే పిలుస్తారు.