పర్లాకిమిడి పంతులు గిడుగు రామమూర్తి

వ్యావహారిక భాషోద్యమ పితామహులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, విజయనగరంలో చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు.

మహేంద్రతనయా నది ఒడ్డునున్న ఆ చిన్న పట్టణానికి చేరువలోనే కొండలు, అడవులు. అక్కడి సవరల భాషకు అప్పటికి లిపి లేదు. పంతులుగారు ఆ భాష నేర్చి, అందులో వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో బడులు పెట్టి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. అడవులలో తిరుగగా మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైను వలన వినికిడి పోయింది. మాటల ధ్వనులను వినవలసిన పండితునికి అంతకు మించిన నష్టం లేదు. అయినా పని మానలేదు. 1931లో సవర భాషా వ్యాకరణం ప్రకటించారు.

పిల్లవానికి వాని ఇంటి మాటలోనే చదువు చెప్పాలన్నది సవర బడిలోనూ, తెలుగు బడిలోనూ ఆయన పాటించిన ఒకే ధర్మం.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, ఆ నిర్ణయానికి మనసొప్పక రాజమహేంద్రవరం తరలిపోయారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

పరుల బిడ్డల భాష కొరకు వినికిడినే ధారపోసిన ఆ ఉపాధ్యాయునికి, ఆంధ్రదేశం వెలుపల తెలుగు బడిని నిలుపుకొన్న మనం ఎంతో ఋణపడి ఉన్నాము.