ఆలివర్ హెవిసైడు జీవితము

విద్యుచ్ఛాస్త్రము నభ్యసించు విద్యార్థులకు అడ్మిటెన్సు అను మాట తఱచుగా వినబడుచుండును. ఏకాంతర విద్యుత్తును ఒక పరికరము తనలోనికి ఎంత సులభముగా రానిచ్చునో తెలుపు కొలతకే ఆ పేరు. కాలువ తూము ఎంత నీటిని పోనిచ్చునని మన రైతులు విచారించుట వంటిదే యిదియును. ఈ మాటను 1887వ సంవత్సరమున శాస్త్రమునకు ప్రసాదించిన మహనీయుడు ఆలివర్ హెవిసైడు. ఈయన పదునాఱవ యేటనే బడి విడిచినవాడు, వినికిడి తక్కువవాడు, ధనహీనుడు. అట్టివాడు పెద్ద పదవులయం దున్నవారికి గోచరింపని సత్యమును గణితముచే కనుగొనెను. ఈయన చరిత్రము మన పాఠశాలలోని బాలబాలికలకు మిక్కిలి ప్రయోజనకరమని తలచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

హెవిసైడు 1850వ సంవత్సరము మే 18వ తేదీని లండను నగరమందలి కామ్డెన్ టౌనున జన్మించెను. తండ్రి థామస్ కొయ్యపలకలపై చిత్రములు చెక్కి జీవించువాడు. కుటుంబమున దారిద్ర్యము మెండు. బాల్యమున స్కార్లెట్ జ్వరము సోకి ఈయనకు చెవుడు ప్రాప్తించెను. తోడిబాలుర మాటలు సరిగా వినబడకపోవుటచే వారితో కలసి మెలసి తిరుగుటకు వీలులేకపోయెను. తల్లి సోదరి భర్తయగు చార్లెస్ వీట్‌స్టన్ తంతివిద్యయందు సుప్రసిద్ధుడు. బడి విడిచిన పిదప హెవిసైడును ఆ విద్యలోనే ప్రవేశించి, 1868లో డెన్మార్కునందు తంతి ఉద్యోగమున చేరెను; అనంతరము న్యూకాజిల్ నగరమున పనిచేసెను. 1873లో వీట్‌స్టన్ వంతెనను గూర్చి ఈయన ప్రకటించిన వ్యాసము సుప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు మాక్స్‌వెల్ దృష్టి నాకర్షించెను.

అదే సంవత్సరమున మాక్స్‌వెల్ విద్యుదయస్కాంత మహాగ్రంథము వెలువడెను. హెవిసైడు దానిని చేతబట్టెను గాని బడిలో నేర్చిన గణితము అందులకు చాలకపోయెను. అయినను అధైర్యపడక, కావలసిన గణితమును స్వయముగా నేర్చి, ఆ గ్రంథమును సంవత్సరముల తరబడి పఠించెను. 1874లో, ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, ఉద్యోగము విడిచి తలిదండ్రుల యింట ఒక గదిలో కూర్చుండి పరిశోధనయే వృత్తిగా గైకొనెను. మాక్స్‌వెల్ ఇరువది సమీకరణములలో చెప్పిన విషయమును ఈయన 1884, 1885 సంవత్సరములలో నాలుగు సమీకరణములకు కుదించెను. నేడు కళాశాలలలో మాక్స్‌వెల్ సూత్రములని చెప్పబడునవి ఈ రూపముననే యున్నవి.

ఆ కాలమున దూరప్రాంతములకు తీగెలపై పంపబడు సంకేతములు త్రోవలో చెదరి, ఒకదానితో నొకటి కలసిపోవుచుండెను. టెలిఫోనున మాట అస్పష్టమగుచుండెను. తీగెకు నిరోధము, ఇండక్టెన్సు, కెపాసిటెన్సు, లీకేజి అను నాలుగు గుణములు గలవు. నిరోధమునకును ఇండక్టెన్సునకును గల నిష్పత్తి, లీకేజికిని కెపాసిటెన్సునకును గల నిష్పత్తితో సమానమైనయెడల, సంకేతము బలహీనపడినను ఆకారము చెడదని హెవిసైడు గణితముచే నిరూపించెను. కావున తీగెకు ఇండక్టెన్సును చేర్చుటయే మేలని ఆయన సిద్ధాంతము. బ్రిటిషు తపాలాశాఖలో విద్యుద్విషయములకు అధికారియగు విలియం ప్రీస్ ఇండక్టెన్సు కీడని నమ్మియుండెను. హెవిసైడు అన్నయగు ఆర్థరు ఆ శాఖలోనే ఉద్యోగి. 1887లో అన్నదమ్ము లిరువురును కలసి వ్రాసిన వ్యాసమును ప్రకటించుటకు ప్రీస్ అనుమతి నిరాకరించెను. ఆ సంవత్సరముననే ఈయన వ్యాసములను ప్రకటించుచుండిన ఎలక్ట్రీషియన్ పత్రికయు వానిని నిలిపివేసెను. 1900లో అమెరికా దేశమున మైకేల్ ప్యూపిన్ ఇండక్టెన్సు చుట్టలను తీగెలకు చేర్చు విధానమునకు పేటెంటు పొంది విశేషధన మార్జించెను. మూలసిద్ధాంతము చెప్పిన హెవిసైడునకు దానివలన ఒక్క కాసైనను లభింపలేదు.

లోకము తన వ్యాసములకు ద్వారములు మూసిన ఆ 1887వ సంవత్సరాంతముననే అడ్మిటెన్సు అను మాటను ఈయన కల్పించుట గమనింపదగినది. అంతకుముందు 1885లో కండక్టెన్సు, 1886లో ఇండక్టెన్సు, ఇంపెడెన్సు అను మాటలను ఈయనయే కల్పించియుండెను. ఇంపెడెన్సు ప్రవాహమునకు కలుగు అడ్డంకి. అడ్మిటెన్సు దాని విలోమము.

ఈ పునాదిపై తరువాతివారు గొప్ప సౌధము నిర్మించిరి. జర్మనీ దేశీయుడగు ఫ్రాంజ్ బ్రైసిగ్ 1921లో నాలుగు కొనల పెట్టెల సిద్ధాంతమును ప్రతిపాదించెను. దానినే నేడు రెండు ద్వారముల నెట్‌వర్కు అందుము. లోపల నేమున్నదో తెలియని మూసిన పెట్టె నొకదానిని తలచుకొందము. దానికి ఎడమవైపున ఒక జత కొనలును, కుడివైపున ఒక జత కొనలును గలవు. కుడి ద్వారమును లావుపాటి రాగితీగెతో కలిపివేసి, ఎడమ ద్వారమున ఒక వోల్టు నుంచి, రెండు ద్వారములందును లోనికి వచ్చు ప్రవాహములను కొలువవలెను. పిదప ఎడమ ద్వారమును కలిపివేసి కుడివైపున అట్లే చేయవలెను. ఇట్లు లభించు నాలుగు సంఖ్యలే ఆ పెట్టె యొక్క అడ్మిటెన్సు పరామితులు.

ఉదాహరణము చూతము. పెట్టెలో ఎడమ కొనల నడుమ 5 ఓములు, కుడి కొనల నడుమ 2 ఓములు, పై కొనలు రెంటిని కలుపుచు 10 ఓములు గలవనుకొందము. క్రింది కొనలు రెండును ఒకే తీగె. మొదటి పరీక్షలో ఎడమవైపున 0.3 ఆంపియరు లోనికి వచ్చును, కుడివైపున 0.1 ఆంపియరు వెలుపలికి పోవును గనుక దానిని ఋణ 0.1 అని వ్రాయుదుము. రెండవ పరీక్షలో కుడివైపున 0.6, ఎడమవైపున ఋణ 0.1 లభించును. ఈ నాలుగు సంఖ్యలు తెలిసినచో పెట్టెను విప్పనక్కఱలేదు. ఎడమవైపున 10 వోల్టులు, కుడివైపున 4 వోల్టులు ఉంచినపుడు ఎడమ ప్రవాహము 3 నుండి 0.4 తీసివేయగా 2.6 ఆంపియరులు, కుడి ప్రవాహము 2.4 నుండి 1 తీసివేయగా 1.4 ఆంపియరులు. ఓము నియమము ననుసరించి లోపలినుండి లెక్కించినను ఫలము ఇదియే.

రెండు పరీక్షలందును ఋణ 0.1 సమానముగా వచ్చుట యాదృచ్ఛికము కాదు. నిరోధములు, తీగెచుట్టలు, కెపాసిటరులు, మన పొలముల కడ నుండు ట్రాన్సుఫార్మరులు మున్నగువానిలో ఇటునుండి అటు పోవు ప్రభావమును, అటునుండి ఇటు వచ్చు ప్రభావమును సమానములు. మన కోటబొమ్మాళిలో జరుగు కొత్తమ్మతల్లి ఉత్సవమున లౌడుస్పీకరులకు బలమిచ్చు యాంప్లిఫయరున నట్లు కాదు. అందు మైకునుండి వచ్చిన స్వల్పసంకేతము అవతల బలిష్ఠమగును గాని, స్పీకరు వైపునుండి మైకు వైపునకు ప్రభావము మిక్కిలి స్వల్పము. ఈ భేదము నాలుగు సంఖ్యలలోనే కనబడును.

హెవిసైడు ప్రతిభ చిరకాలము మఱుగున నుండలేదు. లార్డు కెల్విను బిరుదమును పిదప పొందిన విలియం థామ్సన్ 1889లో ఈయనను బహిరంగముగా శ్లాఘించెను. 1891లో రాయల్ సొసైటీ ఈయనను సభ్యునిగా నెన్నుకొనెను. 1896లో ప్రభుత్వము సంవత్సరమునకు 120 పౌనుల పింఛను నేర్పఱచెను. ఆకాశమున విద్యుద్వాహకమగు పొర యొకటి రేడియో తరంగములను భూమికి త్రిప్పి పంపవచ్చునని ఈయన 1902లో సూచించెను. దానిని ఆపిల్టన్ 1924లో ప్రయోగముచే స్థాపించెను. 1922లో మొట్టమొదటి ఫారడే పతకము ఈయనకే లభించెను. వివాహమాడక, కడపటి సంవత్సరములను టార్కీ పట్టణమున ఏకాంతముగా గడపి, 1925 ఫిబ్రవరి 3వ తేదీని పరమపదించెను.

విద్యార్థులారా! ప్రీస్ పదవి గొప్పది. హెవిసైడు లెక్క సరియైనది. ఇరువది సంవత్సరములు గడువకమునుపే తీగెలు ఎవరిది నిజమో తేల్చిచెప్పినవి. పెట్టెను చూచి లోపలిది ఊహింపక, ద్వారముల కడ కొలిచి తెలిసికొనుడని ఈ శాస్త్రము బోధించుచున్నది. మనుజుల విషయమునను అట్లే యోచింతుము గాక. మన తరగతులలో వెనుకబల్లపై కూర్చుండి, చెవి సరిగా వినబడక, ఉపాధ్యాయుని పెదవులవంక చూచుచుండు బాలుడు మందమతి యని ఎవ్వరును తలపకుందురు గాక. వానిని ముందుబల్లకు పిలిచి, ఒక లెక్క యిచ్చి చూతము.