గుర్రపుశాల నుంచి ‘ఆన్’ వరకు: మెహబూబ్ ఖాన్ సినీ ప్రస్థానం

భారతీయ చలనచిత్ర చరిత్రలో చిరస్థాయిగా నిలిచిన దర్శకుడు మెహబూబ్ ఖాన్ చదువుల బడిలో ఎదిగినవారు కారు. 1907లో నాటి బరోడా సంస్థానంలోని బిలిమోరాలో, ఒక సామాన్య కుటుంబంలో ఆయన జన్మించారు. సినిమాపై మక్కువతో బొంబాయి చేరిన ఆ యువకుడికి తొలుత ఉపాధినిచ్చింది గుర్రపుశాల. గుర్రాలకు లాడాలు కొడుతూనే స్టూడియోల చుట్టూ తిరిగారు.

మూకీల కాలంలో ఇంపీరియల్ ఫిలిం కంపెనీ నిర్మించిన ‘ఆలీబాబా’ చిత్రంలో నలభై మంది దొంగలలో ఒకరిగా ఆయన తెరపై కనిపించారు. కథానాయకుడు కావాలన్న కోరిక నెరవేరకపోయినా నిరాశ చెందక, కెమెరా వెనుక సాగే పనిని శ్రద్ధగా గమనించారు. 1935లో సాగర్ మూవీటోన్ సంస్థకు ‘అల్ హిలాల్’ తీసి దర్శకుడయ్యారు. 1940లో వచ్చిన ‘ఔరత్’ పల్లె రైతు కష్టాలకు అద్దం పట్టింది. 1943లో సొంత సంస్థ మెహబూబ్ ప్రొడక్షన్స్‌ను స్థాపించి, దానికి సుత్తి కొడవలిని చిహ్నంగా ఎంచుకున్నారు.

ఆయన సాహసానికి పరాకాష్ఠ 1952లో విడుదలైన ‘ఆన్’. పోరాటాలు, ప్రణయం పెనవేసుకున్న ఈ హిందీ చిత్రాన్ని ఆయన రంగుల్లో తీయ సంకల్పించారు. అప్పటికి మన దేశంలో రంగుల చిత్రం అరుదు. అందుకే 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై చిత్రీకరించి, లండన్‌లోని టెక్నికలర్ ప్రయోగశాలలో పెద్ద ప్రతులుగా మార్పించారు. ఛాయాగ్రాహకుడు ఫరెదూన్ ఇరానీ, సంగీత దర్శకుడు నౌషాద్ ఆయనకు కుడిఎడమ భుజాలయ్యారు.

ఎవరికీ లొంగని రాజకుమారి గుర్రాన్ని పందెంలో లొంగదీసిన పల్లె యువకుడి కథ ఇది. ఆ యువకుడిగా దిలీప్ కుమార్, రాకుమారిగా తొలి పరిచయంలోనే నాదిరా, పల్లెపడుచు మంగళగా నిమ్మీ, క్రూరుడైన రాకుమారుడిగా ప్రేమ్‌నాథ్ నటించారు. రాజరికానికి స్వస్తి చెప్పి ప్రజాపాలన తేవాలని మహారాజు తలపోయడమే కథలో సంఘర్షణకు మూలం. సంస్థానాలు భారత యూనియన్‌లో విలీనమై కొద్దికాలమే గడిచిన ఆ రోజుల్లో ప్రేక్షకులకు ఇది కేవలం జానపద కథగా తోచలేదు. ఒకనాడు దొరల గుర్రాల కాళ్ళ వద్ద కూర్చొని పనిచేసిన వ్యక్తి, ఆ గుర్రంపై ఒక రైతుబిడ్డను కూర్చోబెట్టారు. అయితే గుర్రాన్ని లొంగదీసినట్లే స్త్రీ గర్వాన్నీ అణచాలన్న కథాధోరణి నేటి ప్రేక్షకుడికి మింగుడుపడదు. ‘ఆన్’ లండన్‌లోనూ ప్రదర్శితమై, పరదేశాలకు భారతీయ సినిమాను పరిచయం చేసింది.

స్త్రీ విషయంలో ‘ఆన్’ మిగిల్చిన ఆ లోటును ఆయనే మరో చిత్రంతో పూరించారనవచ్చు. ‘ఔరత్’ కథను మలచి 1957లో తీసిన ‘మదర్ ఇండియా’లో నర్గీస్ పోషించిన తల్లి ఎవరికీ లొంగదు. న్యాయం కోసం కన్నకొడుకుపైనే తుపాకి ఎక్కుపెడుతుంది. ఉత్తమ విదేశీ భాషా చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన తొలి భారతీయ చిత్రం అదే. ఆ కథే 1971లో తాపీ చాణక్య దర్శకత్వంలో, జమున ప్రధాన పాత్రలో, ‘బంగారు తల్లి’గా తెలుగు ప్రేక్షకుల ముందుకు వచ్చింది.

1963లో భారత ప్రభుత్వం మెహబూబ్‌ను పద్మశ్రీతో సత్కరించింది. 1964 మే 27న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ కన్నుమూశారు. దేశమంతా శోకంలో ఉన్న ఆ మరునాడే, మే 28న, మెహబూబ్ ఖాన్ గుండెపోటుతో తుదిశ్వాస విడిచారు. 2007లో తపాలా శాఖ ఆయన స్మారకంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. బాంద్రాలో ఆయన 1954లో నెలకొల్పిన మెహబూబ్ స్టూడియో తర్వాతి తరాల కళాకారులెందరికో పనిచోటు అయింది. స్టూడియో గుమ్మాల వద్ద అవకాశం కోసం నిరీక్షించిన నాటి యువకుడు మిగిల్చిపోయిన ఆస్తి అదే.